మొద్దుబాఱిన పాదము

ఆఱవ జార్జి రాజునకు కాళ్లతిమ్మిరులు 1948 జనవరిలో ప్రారంభమైనవి. ఆ జూన్ 22వ తేదీన ఆయన భారతచక్రవర్తి బిరుదమును త్యజించెను. అక్టోబరు నాటికి ఎడమపాదము దినమెల్ల మొద్దుబాఱియుండి, రాత్రులు నొప్పిచే నిద్ర పట్టదయ్యెను. కాళ్లకు రక్తము గొనిపోవు ధమనులు గట్టిపడి యిఱుకైనవని వైద్యులు తేల్చిరి. ఆస్ట్రేలియా యాత్ర ఆగిపోయినది. 1949 మార్చిలో జేమ్స్ లియర్మంత్ బకింగ్‌హాం భవనమునందే శస్త్రచికిత్స జరిపి, రక్తనాళములను ముడుచుకొనజేయు నరములను నడుమువద్ద ఖండించెను. రాజు సిగరెట్లు విపరీతముగా కాల్చువాడు.

ఇది రాజులకే పరిమితమైన జాడ్యము కాదు. నోటినుండి చుట్ట దింపని రైతునకును, మధుమేహము గల వర్తకునకును ఇదియే సంభవించును. మనవారు మాత్రము దీనిని వాతమని పేరుపెట్టి తైలము మర్దించి కాపడము పెట్టుదురు. స్పర్శ తెలియని పాదమునకు వేడికాపడ మెంత ప్రమాదమో చెప్పనక్కఱలేదు: చర్మము కాలినను రోగికి తెలియదు.

నరమునకును రక్తమే ఆహారము. దానిని పోషించు సన్నని నాళములు పెద్ద ధమనులనుండియే చీలివచ్చును. తొడలోనో మోకాటివెనుకనో ధమని పూడినచో చర్మము, ఎముక కొంత తాళగలవుగాని నరము తాళలేదు. అందుచేత మొదట మంట, సూదులు గ్రుచ్చినట్లుండుట, పిదప మొద్దు. తుదకు పాదము పైకి లేవక వ్రేలబడుట. నడచునప్పుడు పిక్కపట్టి, నిలిచినంతనే తగ్గుట. రాత్రి మంచముమీదనుండి కాలు వ్రేలవేసిన నెమ్మదించుట: ఈ రెండును కనబడినచో ధమనిని శంకింపవలెను. మధుమేహము తనంతట తానును నరములను చెఱచును గనుక, తిమ్మిరి చక్కెరవలననే యని కూర్చుండరాదు. చీలమండ రక్తపుపోటును చేతి రక్తపుపోటుతో భాగించి చూచుట స్వల్పమైన పని, ఫలితము 0.9 కంటె తక్కువైనచో ధమనిలో అడ్డుగలదని అర్థము.

కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, వ్రేళ్లు కదలకున్న సంగతి వేఱు. అది గంటలతో లెక్కింపవలసిన ఆపద. సుమారు 6 గంటలు దాటినకొలదియు కండరమునకును నరమునకును మానని హాని కలుగును. థామస్ ఫోగర్టీ 1963లో ప్రకటించిన బుడగగొట్టముతో రక్తపుగడ్డను లాగివేయుట సులభమైనది. అయినను రోగి వేళకు చేరవలెను గదా! రక్తము మరల పాఱినను, తెగిన నరపుపోగు పెరుగునది దినమునకు రమారమి 1 మిల్లీమీటరు మాత్రమే. మోకాలినుండి పాదమును చేరుటకు ఏడాదికి పైగా పట్టును; కొందఱికి అది చేరనే చేరదు.