కంచికి వెళ్ళని కథ

మన కథలకు ఒక కట్టుబాటు ఉన్నది. రాకుమారుడు ఏడు సముద్రాలు దాటుతాడు, రాక్షసుణ్ణి చంపుతాడు, రాకుమారిని పెండ్లాడతాడు. అంతటితో కథ కంచికి, మనం ఇంటికి. పెండ్లయిన మర్నాటి నుంచి ఆ దంపతులు కాపురం ఎలా చేశారో, దేనికి పోట్లాడుకున్నారో, బిడ్డకు జ్వరం వస్తే రాత్రంతా ఎవరు మేలుకొని కూర్చున్నారో చెప్పే ఓపిక మన పేదరాశి పెద్దమ్మకు లేదు. పాశ్చాత్యుల పెద్దమ్మలకూ లేదు. అమెరికా పత్రికల్లో వారం వారం వచ్చిన ఒక బొమ్మల కథ మాత్రం ఈ కట్టుబాటును ఖాతరు చేయలేదు. దాని పేరు ‘ప్రిన్స్ వేలియంట్’.

1937 ఫిబ్రవరి 13న మొదలైన ఈ కథను వ్రాసిందీ, బొమ్మలు గీసిందీ ఒక్కరే - హెరాల్డ్ ఫోస్టర్. పత్రికలో చూసి, తరువాయి కోసం వారమంతా ఎదురు చూసే భాగ్యం నాకు కలగలేదు. తరువాతి కాలంలో పుస్తకాలుగా అచ్చయిన సంపుటాలే నేను చదివినవి. కాలేజీలో ప్రబంధాలు పాఠం చెప్పుకొనే మనిషికి ఈ బొమ్మలతో ఏం పని అని మా ఆవిడ మొదట నవ్వింది. నాలుగు పుటలు తిరగేసిన తర్వాత ఆ పుస్తకం మళ్ళీ నా చేతికి రావటానికి రెండు రోజులు పట్టింది!

ఈ కథలో పాత్రల నోళ్ళలోంచి మాటల బుడగలు రావు. ప్రతి బొమ్మకూ నాలుగు వాక్యాల కథనం ఉంటుంది, అంతే. బొమ్మకు మాటలు అడ్డం రావు, మాటలకు బొమ్మ అడ్డం రాదు. వారానికి ఒక్క పుట. కాని ఆ ఒక్క పుటకు ఫోస్టర్ వెచ్చించే కాలం 50 గంటలకు పైమాటే. అడవి గీస్తే ఏ చెట్టుకు ఆ చెట్టు ఆకు తెలుస్తుంది. ఓడ గీస్తే ఏ తాడు ఎక్కడ కట్టారో కనిపిస్తుంది.

అలా గీయటం ఆయనకు బడిలో రాలేదు. ఫోస్టర్ 1892లో కెనడాలోని హాలిఫాక్స్ రేవుపట్టణంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పన్నెండేళ్ళకే సముద్రం మీద పడవ నడిపిన పిల్లవాడు. కుటుంబం విన్నిపెగ్ నగరానికి తరలిన తర్వాత, ఒక వ్యాపార సంస్థ సరుకుల జాబితాలకు బొమ్మలు వేసి సంపాదించాడు. మనిషి శరీరం గీయటం నేర్చుకోవాలంటే మోడల్‌కు ఇచ్చే డబ్బు లేదు. అంచేత గడ్డకట్టే చలిలో బట్టలు విప్పి, అద్దం ముందు నిలబడి, తన్ను తానే చూసుకొని గీశాడు. చలికి త్వరత్వరగా గీయటం అలవాటైంది! అడవుల్లో తిరిగాడు, బంగారం వెదికాడు. ముప్పయ్యేళ్ళు నిండకముందే సైకిలెక్కి సుమారు వెయ్యి మైళ్ళు తొక్కి చికాగో చేరి చిత్రకళ చదువుకున్నాడు.

1929లో ‘టార్జాన్’ కథకు బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు. కాని అది పరుల కథ. తన కథ తాను చెప్పాలన్న కోరికతో ఈ రాకుమారుణ్ణి సృష్టించుకున్నాడు. పత్రికాధిపతి హెర్‌స్ట్ ఆ ఊహకు ముగ్ధుడై, కథ మీద హక్కు ఫోస్టర్‌కే వదిలిపెట్టాడు. అటువంటి వ్యాపారంలో అది అపురూపం.

కథలోకి వద్దాం. థూల్ దేశపు రాజు అగ్వార్ సింహాసనం పోగొట్టుకొని, భార్యతో, పసివాడైన కొడుకుతో బ్రిటన్ తీరపు బురద మడుగుల్లో తలదాచుకుంటాడు. ఆ కొడుకే వేలియంట్. ఆ మడుగుల్లో హారిట్ అనే మంత్రగత్తె అతనికి జోస్యం చెబుతుంది: సాహసాలకు కొదవ ఉండదు గాని, మనశ్శాంతి మాత్రం ఎన్నడూ దొరకదని. కుర్రవాడు ఇంటికి తిరిగివచ్చేసరికి తల్లి పోయి ఉంటుంది. పిల్లలూ చదివే పత్రికలో ఇటువంటి ఘట్టం పెట్టటానికి గుండెధైర్యం కావాలి.

తర్వాత వేలియంట్ ఆర్థర్ రాజు కొలువు చేరి, గవేన్ అనే వీరుని వద్ద అనుచరుడై, క్రమంగా రౌండ్ టేబిల్ వీరులలో ఒకడవుతాడు. కండబలం కంటె బుద్ధిబలం ఎక్కువ. ఒకచోట పెద్దబాతు చర్మం వలిచి మొగానికి తగిలించుకొని, దయ్యంలా గాలిలో ఊగుతూ వచ్చి, కోటనేలే రాక్షసునివంటివాణ్ణి భయంతోనే చంపుతాడు.

తొలివలపు ఐలీన్ మీద. ఆమెను ఆర్న్ అనే మరో రాకుమారుడు కూడా ప్రేమించాడు. ఇద్దరూ ఒకరి ప్రాణం ఒకరు తీసుకోవటానికి సిద్ధమైనవారే. అంతలో సముద్రపు దొంగలు ఐలీన్‌ను ఎత్తుకుపోతారు. వెంటాడుతూ పోయిన ఇద్దరిలో ఒకరు ఆగి శత్రువుల్ని నిలవరించాలి. ఆర్న్ తన ‘పాడే కత్తి’ని వేలియంట్ చేతికిచ్చి ముందుకు పోతాడు. ఇంత చేసినా, ఐలీన్ ఎక్కిన ఓడ మునిగిపోయింది. ఆమె ఇద్దరికీ దక్కలేదు. ఆ దుఃఖం పంచుకొని పగవారిద్దరూ ఆప్తమిత్రులయ్యారు. ఆ కత్తి వేలియంట్‌ది అయింది. ఈ ఆర్న్ పేరు గుర్తుంచుకోండి.

ఏళ్ళు గడిచిన తర్వాత పొగమంచు దీవుల రాణి అలేటా కథలోకి వస్తుంది. ఆమె తనమీద మంత్రం వేసిందని వేలియంట్ నమ్మకం. అది మంత్రం కాదు, ప్రేమ అని తెలుసుకోవటానికి ఆ బుద్ధిమంతుడికి ఏళ్ళు పట్టింది! 1946 ఫిబ్రవరిలో రోము నగరంలో వారి పెండ్లి జరిగింది.

ఆ ఘట్టం దాకా వినిపించి పుస్తకం మూయబోతుంటే మా అమ్మాయి అడిగింది: “పెళ్ళయిపోయింది గదా నాన్నా, ఇంకా అన్ని పుస్తకాలు మిగిలాయేం?”

మంచి ప్రశ్న. ఈ కథకు ప్రాణం అక్కడే ఉన్నది. అలేటా మగని వెనక తలవంచుకొని నడిచే ఇల్లాలు కాదు. రాజ్యమేలిన మనిషి. అతను కత్తి దూసి చక్కబెట్టలేనివాటిని ఆమె నవ్వుతో, నేర్పుతో చక్కబెడుతుంది. ఆమెను ఒక దుండగుడు ఎత్తుకుపోతే వేలియంట్ అట్లాంటిక్ దాటి నయాగరా జలపాతం దాకా వెంటాడి విడిపిస్తాడు. 1947లో వారికి తొలి బిడ్డ పుట్టింది ఆ కొత్త ఖండంలోనే. ఆ బిడ్డకు పెట్టిన పేరేమిటనుకున్నారు? ఆర్న్! ఒకనాటి ప్రేమపోటీదారు పేరు కన్నకొడుకుకు పెట్టుకున్నాడు.

1951లో కవల ఆడపిల్లలు పుట్టారు. ఆర్న్ పాకాడు, నడిచాడు, విల్లు పట్టాడు, తండ్రికి ఎదురుచెప్పాడు. 1937లో పదేళ్ళవయసులో ఈ కథ మొదలుపెట్టిన అమెరికా కుర్రవాడు 1957 నాటికి తానూ పిల్లల తండ్రి కాదగినవాడు. ఒకప్పుడు వేలియంట్ సాహసాలు చూసి ఉప్పొంగినవాడు, ఇప్పుడు కొడుకు మొదటిసారి గడప దాటి పోతుంటే వేలియంట్ మనసు పడే ఆరాటం చూసి తలపంకిస్తాడు. చాలా బొమ్మల కథల్లో వీరుడు పాతికేళ్ళ వయసు దగ్గరే నిలిచిపోతాడు. ఈ వీరుడు చదువరితో పాటు నడిచాడు.

లోపాలు లేకపోలేదు. ఆర్థర్ కాలం అయిదవ శతాబ్దమన్నట్టు హూణులు, పతనమవుతున్న రోము కనిపిస్తారు. కోటలు, కవచాలు మాత్రం కొన్ని వందల ఏళ్ళ తర్వాతివి. తెలియక చేసిన పని కాదు. వీరుడంటే జనం మనసులో ఉన్న రూపమే ఆయన చూపించాడు. అమెరికా ఆదివాసులు ఒక తెల్ల స్త్రీని దేవతగా కొలిచినట్టు వ్రాయటం మాత్రం నేటి చదువరికి మింగుడుపడదు. మెచ్చుకొనే పుస్తకంలోనైనా అది చూసీ చూడనట్టు పోవటం న్యాయం కాదు.

కథలో కాలం గడిచినట్టే కథకునికీ గడిచింది. 1971లో, 78వ ఏట, ఫోస్టర్ కుంచెను జాన్ కలెన్ మర్ఫీకి అప్పగించాడు. కథ వ్రాయటం, బొమ్మల అమరిక సూచించటం 1980 ఫిబ్రవరి దాకా మానలేదు. మర్ఫీ చేతిలో ఆ బొమ్మలు 2004 దాకా సాగాయి. ఆయన కొడుకు కథ వ్రాశాడు, కూతురు అక్షరాలు దిద్ది రంగులు వేసింది. కథలోని సంసారం మాదిరే కథ వెనకాలా ఒక సంసారం! ఆర్న్‌కు పెండ్లయి కూతురు పుట్టింది. వేలియంట్ తాత అయ్యాడు. 2004 తర్వాత గ్యారీ జియాని, 2012 నుంచి థామస్ యేట్స్ బొమ్మలు అందుకున్నారు.

ఫోస్టర్ విషయం చెప్పటానికి మనసు రాదు గాని చెప్పాలి. ఒక శస్త్రచికిత్సలో చాలాసేపు మత్తులో ఉండవలసి రావటంతో ఆయన జ్ఞాపకశక్తి పోయింది. టార్జాన్ బొమ్మలు వేసింది తానేనని గుర్తులేదు. నలభై మూడేళ్ళు తోడుగా నడిచిన వేలియంట్ గుర్తులేడు. 1982లో ఆయన కన్నుమూశాడు.

సొంత బిడ్డను తండ్రి మరిచిపోయినా, ఆ బిడ్డను పెంచే చేతులు నలుగురివి ఉన్నాయి. మా ఇంట్లో ఇప్పుడు ఆ సంపుటాలు మా అమ్మాయి బల్లమీద ఉన్నాయి. కవల పిల్లలు పుట్టిన ఘట్టం దాకా వచ్చింది. తరువాత ఏమవుతుందో చెప్పవద్దని నాకు ఆజ్ఞ.