కారు నడిపేవారి కాలి గోడు

కారు కొనేటప్పుడు మనం రంగు చూస్తాం. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో అడుగుతాం. వెనక సీటులో ముగ్గురు పడతారా లేదా అని ఇంటిల్లిపాదినీ ఎక్కించి మరీ పరీక్షిస్తాం. నడిపేవాడి కాళ్ల సంగతి మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. అడగనందుకు ఏడాది తిరక్కముందే నా కుడి మడమ నన్ను నిలదీసింది.

మాది హనుమకొండ. వారానికి రెండుసార్లు హైదరాబాదు వెళ్లి రావలసిన పని. పోనూ రానూ దగ్గర దగ్గర 290 కిలోమీటర్లు. మొదట్లో ఘనపూరు దాటేవరకు ఏమీ తెలిసేది కాదు. జనగామ వచ్చేసరికి మడమలో సన్నగా మంట మొదలయ్యేది. ఆలేరు దగ్గర ఆ మంట పోటుగా మారేది. భువనగిరి కోట కంటబడే వేళకు చూపు కోటమీద ఉన్నా, ధ్యాసంతా పాదంలోనే ఉండేది. తెల్లవారి మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం గిలగిలలాడేది. పది అడుగులు నడిస్తే తగ్గేది. తగ్గింది గదా అని ఊరుకునేవాణ్ణి. మగవాళ్లకు ఇదొక జబ్బు.

ఒకనాటి సాయంకాలం కాజీపేట వైపునుంచి వస్తున్నాను. పక్కన మా అమ్మాయి ఉంది. మడమ నేలకు ఆనిస్తే పోటు పెడుతోందని కాలు కాస్త పైకెత్తి, వేళ్లతోనే నడుపుతున్నాను. ముందున్న ఆటో ఎవరినో ఎక్కించుకోవడానికి ఉన్నట్టుండి ఆగింది. బ్రేకుమీదికి కాలు తెచ్చాను గాని, గాలిలో ఉన్న కాలికి ఆనవాలు దొరకలేదు. బూటు బ్రేకు అంచుకు తగిలి జారింది. రెండోసారి తొక్కితే కారు ఆటోకు బెత్తెడు దూరంలో ఆగింది. ఆటో నడిపే కుర్రవాడికి ఈ సంగతేమీ తెలియదు, తన దారిన తాను పోయాడు. మా అమ్మాయి మాత్రం ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన మందుచీటీ రాయలేదు. ‘‘కారు తెచ్చారా?’’ అన్నారు. తెచ్చానంటే కిందికి దిగివచ్చి, నన్ను సీటులో కూర్చోమని, తాను తలుపు పట్టుకుని నిలబడి నా కాళ్లవంక చూశారు.

‘‘ఎంత వెనక్కి జరుపుకున్నారండీ సారూ! ఇది కారా, పడక కుర్చీనా?’’

యథార్థం చెప్పాలంటే, కాళ్లు బారచాపుకుని నడపడం దర్జా అనుకునేవాణ్ణి. దర్జా ఖరీదు ఆయన వివరించారు. మడమ ఎముకనుంచి కాలివేళ్ల మొదళ్ల వరకు అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది, విల్లుకు నారి ఉన్నట్టు. దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. వెనక పిక్క కండరం కూడా నరంలా దిగివచ్చి ఆ మడమ ఎముకకే అంటుకుంటుంది. సీటు దూరమైతే పెడలు అందుకోవడానికి పాదం వాల్చి, వేళ్లు చాచి నొక్కాలి. గంటల తరబడి పిక్క బిగిసి ఉంటుంది, ఆ లాగుడంతా మడమమీద పడుతుంది. నిద్రలో పాదం వాలిపోయి ఆ పట్టీ కుంచించుకుపోతుంది. పొద్దున్నే మొదటి అడుగుతో దాన్ని ఒక్కసారిగా సాగదీస్తాం. ఆ ప్రాణసంకటం అందుకే. ఎక్స్ రేలో మడమకు ముల్లు మొలిచిందని చాలామంది బెంబేలెత్తుతారట గాని, నొప్పి ఎరుగని వాళ్ల మడమల్లోనూ ఆ ముల్లు కనిపిస్తుందట.

తరవాత నా సీటు ముందుకు జరిపించారు. క్లచ్ పూర్తిగా నేలకు తొక్కినా మోకాలు ఇంకా కాస్త వంగే ఉండాలి, అదీ కొలత. కుడి మడమ బ్రేకుకు సూటిగా నేలమీద ఆనాలి. యాక్సిలరేటరు కావాలంటే మడమ కదపకుండా పాదాన్ని పక్కకు వాల్చుకోవాలి. ఇక ఎడమ కాలు. గేరు మార్చాక దాన్ని పక్కనున్న ఆనుడు పలకమీద పెట్టాలి గాని, మనలో చాలామంది క్లచ్ మీదనే వేలాడదీస్తారు. అందువల్ల కాలూ అరుగుతుంది, క్లచ్ ప్లేటూ అరుగుతుంది.

గేరులు వాటంతట అవే మారే కారు కొంటే బాధ తీరదా అని అడిగాను. ‘‘ఎడమ కాలికి తీరుతుంది. మీకు నొప్పి కుడి కాలు గదా’’ అన్నారు.

చెప్పుల సంగతి కూడా చెప్పాలి. చెప్పులు తొడుక్కుని బండి నడిపితే జరిమానా వేస్తారని 2019లో పెద్ద పుకారు లేచింది. అటువంటి జరిమానా ఏదీ లేదని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీగారి కార్యాలయం అప్పుడే ప్రకటించింది. జరిమానా లేదు గదా అని హవాయి చెప్పు మంచిదైపోదు. అది జారి పెడలు కింద ఇరుక్కుంటే మనల్ని కాపాడేవాడుండడు. అట్టలు కట్టినంత మందంగా ఉన్న బూటూ పనికిరాదు, కింద ఏం తొక్కుతున్నామో కాలికి తెలియదు. వెనకపట్టీ ఉండి, మడమ కింద మెత్తగా ఉండి, అడుగు పలచనైనది కావాలి.

మంచం దిగేముందు కాలివేళ్లను తువ్వాలుతో వెనక్కి లాగి పట్టుకోవడం, గోడకు చేతులానించి పిక్క సాగదీయడం, నీళ్లసీసా గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించడం, ఇవీ నాకు చెప్పిన వైద్యం. దారిలో గంటకోసారి ఆగి నాలుగడుగులు నడవమన్నారు, నేను వచ్చేటప్పుడు పెంబర్తి దగ్గర ఆగుతాను. ఇంట్లో గచ్చుమీద వట్టికాళ్లతో తిరగవద్దన్నారు. ‘‘ఇంట్లో చెప్పులేందిరా?’’ అని మా అమ్మ వారం రోజులు ముఖం ముడుచుకుంది. ఈ నొప్పి పదిమందిలో తొమ్మిదిమందికి కత్తి అవసరం లేకుండా ఏడాదిలోపల తగ్గుతుందట. నాకు అయిదు నెలలు పట్టింది.

నా కథ అంతటితో సరి. అసలు భయపడవలసింది మా బావగారి విషయంలో.

ఆయన నాకంటె పన్నెండేళ్లు పెద్ద, ఇరవయ్యేళ్లుగా చక్కెర జబ్బు. పండగకు అక్కను తీసుకుని కారులో వచ్చారు, నా నీళ్లసీసా దొర్లింపు చూసి ఒకటే నవ్వు.

‘‘బావా, ఇంత దూరం నడిపిన్రు గదా, మీకు కాలు నొయ్యదా?’’ అన్నాను.

‘‘నాకెందుకు నొస్తది? నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా నాకు తెల్వది!’’

ఇంటిల్లిపాదీ నవ్వాం. ఆ వారం డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు, ఆయన్నీ నవ్విద్దామని ఈ మాట చెప్పాను. ఆయన నవ్వలేదు. ‘‘వారిని రేపే తీసుకురండి’’ అన్నారు.

పరీక్ష చాలా చిన్నది. చేపల గాలానికి కట్టే నైలాను దారంలాంటి పోగు ఒకటి, సరిగ్గా పది గ్రాముల ఒత్తిడికి వంగేది. బావను కళ్లు మూసుకోమని, ముట్టినప్పుడల్లా చెప్పమని, డాక్టరుగారు అరికాళ్లమీద ఒక్కొక్క చోటే ఆనించారు. పోగు వంగుతూనే ఉంది. బావ పలకలేదు. కాసేపటికి, ‘‘ఇంకా మొదలుపెట్టలేదా డాక్టరుసాబ్?’’ అన్నారు. అక్క మొగం తిప్పుకుంది. ఎడమ కాలివేళ్ల నడుమ పుండొకటి ఉంది, అదీ ఆయనకు తెలియదు.

రక్తంలో చక్కెర ఏళ్లకొద్దీ పెచ్చుగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. అన్నిటికంటె పొడుగైన నరాలు ముందు పోతాయి, అందుకే స్పర్శ కాలివేళ్ల దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైపైకి పోతుంది. ఆ కాలు ఏ పెడలు మీద ఉందో, ఎంత గట్టిగా తొక్కుతోందో మనిషికి చెప్పదు. డ్రైవింగు లైసెన్సుకు మనం సంతకం చేసి ఇచ్చే ఆరోగ్య ప్రకటనలో కాళ్లూ చేతుల కదలికలో, అదుపులో, కండబలంలో లోపమేమైనా ఉందా అని ఒక ప్రశ్న ఉంది. ఎవరైనా నిలిచి చదువుతారా? బావ చదవలేదు. నేనూ చదవలేదు, ఆ తరవాత వెతికి చదివాను.

కారు మానమంటే బావ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ‘‘కాళ్లు రెండూ ఉన్నయి గదరా!’’ అన్నారు నాతో. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. మూడోనాడు తాళంచెవి ఆయనే తెచ్చి అక్క చేతిలో పెట్టారు. అది ఇప్పుడు పోపుల డబ్బాలో ఉంది.

హైదరాబాదు పని ఉన్నప్పుడు ఇద్దరం కలిసే వెళ్తాం. పెంబర్తి దగ్గర నేను కారు దిగి పిక్కలు సాగదీసుకుంటుంటే, ఆయన పక్క సీటులోనే కూర్చుని, చెప్పులు విప్పి, మా అక్క గడ్డం అద్దం ఒకటి సంచీలో పెట్టి పంపితే దాంట్లో అరికాళ్లు రెండూ ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు.