పాదరసం, సైకిల్ ట్యూబు, రక్తపోటు

1733లో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతగురువు, గుర్రం మీద చేసిన ప్రయోగాన్ని అచ్చువేయించాడు. తొడ ధమనిలో ఇత్తడి గొట్టం దూర్చి, దానికి నిలువుగా గాజు గొట్టం తగిలిస్తే నెత్తురు 8 అడుగుల 3 అంగుళాలు లేచింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ మట్టం ఊగుతూనే ఉంది. రక్తపోటు ఒకచోట నిలిచేది కాదని ఆనాడే కంటికి కనబడింది.

1828లో ఫ్రాన్సులో ప్వాజోయ్, నెత్తురుకన్నా 13 రెట్లు బరువైన పాదరసాన్ని వాడి గొట్టాన్ని పొట్టిచేశాడు. ధమనిని కోయడం మాత్రం తప్పలేదు. కోత లేని పరికరాలు తర్వాత వచ్చాయి గానీ, డాక్టర్ల చేతికి ఒదిగింది 1896లో టురిన్‌లో షిపియోనె రీవా-రొచ్చి చేసిన పరికరమే. సైకిల్ ట్యూబు, సిరాబుడ్డి, రాగి గొట్టం, కాస్త పాదరసం: ఇంతే సరంజామా! జబ్బకు పట్టీ చుట్టి, మణికట్టు దగ్గర నాడి ఆగేదాకా గాలి కొట్టేవాడు. వైద్యచరిత్రలో ఇంత చవకగా ఇంత మేలు చేసిన వస్తువులు బహు కొద్ది. కొలిచే వేళ రోగి మనసులోని కలవరం అంకెను పెంచుతుందని కూడా ఆయన గుర్తించాడు.

1905లో రష్యా వైద్యుడు కొరోత్కోవ్ మోచేతి మడతలో స్టెతస్కోపు ఆనించి విన్నాడు. పట్టీ వదులవుతుంటే చప్పుడు మొదలైనచోట పై అంకె, ఆగినచోట కింది అంకె.

ఆ అంకెను కదిలించేవి చాలానే ఉన్నాయి. చేయి గుండెకన్నా జానెడు కిందికి వేలాడితే చాలు, పదిహేను పాయింట్ల దాకా ఎక్కువ చూపుతుంది. మాట్లాడినా, మూత్రం ఆపుకున్నా, అప్పుడే కాఫీ తాగినా పెరుగుతుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోమనేది అందుకే.

రుతువు సంగతి 1961లో జెఫ్రీ రోజ్ ‘నేచర్’ పత్రికలో రాశాడు: చలికాలంలో ఎక్కువ, వేసవిలో తక్కువ. చలికి చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుంటాయి, వేడికి విచ్చుకుంటాయి. రోహిణి కార్తెలో చెమటతో నీరూ ఉప్పూ పోతాయి. మూత్రం ఎక్కువచేసే బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లకు లేవగానే కళ్లు తిరగడం అప్పుడే ఎక్కువ. అలాగని మాత్ర సొంతంగా మానేస్తే ప్రమాదం. ఇంట్లో చూసుకున్న అంకెల పక్కన తేదీ, వేళ రాసిపెట్టుకుంటే, మోతాదు మార్చాలో వద్దో డాక్టరుకు తెలుస్తుంది.