కల్లు మానితే వణుకు ఎందుకు?

తెలంగాణలోని ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల పొద్దుగూకాక సీసా కల్లు తాగనిదే నిద్రపట్టనివాళ్లు కనిపిస్తారు. దుకాణం రెండు రోజులు మూతపడితే వాళ్లలో కొందరికి చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. గాలి సోకిందని తాయెత్తు కడతారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు పాత మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆస్పత్రులకు వచ్చింది ఇలాంటివాళ్లే.

చెట్టు కల్లుకు ఇంత బలం ఉందా?

లేదు. పులిసిన ఈత కల్లులో ఆల్కహాల్ బీరులో ఉన్నంతే. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. నీళ్లు కలిపి, తీపికి శాకరిన్, మత్తుకు ఆల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి వేస్తారు. దీన్నే జనం మందు కల్లు అంటారు.

అవి విషాలా?

కావు, మందులే. ఆల్ప్రాజోలం తీవ్రమైన ఆందోళనకు, డయజిపాం ఫిట్స్ ఆపడానికి వాడతారు. ఆల్ప్రాజోలం మాత్ర 0.25, 0.5 మిల్లీగ్రాముల్లో ఉంటుంది. కంటికి ఆనని ఆ కొలతను పొడి గుప్పిళ్లతో కలిపేవాడు ఎలా పాటిస్తాడు? ఒక సీసాలో తక్కువ, పక్క సీసాలో ఎక్కువ. పైగా ఆల్కహాల్ తోడైతే రెండూ కలిసి శ్వాసను మందగింపజేస్తాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

మానితే శరీరం ఎందుకు తిరగబడుతుంది?

మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం ఉంది. ఈ మందులు దాని పనిని పెంచుతాయి. రోజూ తాగితే మెదడు అరువు పగ్గం లాంటి ఈ మందులకు అలవాటుపడి సొంత పగ్గం వదులు చేస్తుంది. అరువుది ఒక్కసారిగా తెగితే మెదడు ఎద్దులా అదుపు తప్పుతుంది. ఆ పరుగే వణుకు, ఫిట్స్.

మరి మానేదెలా?

ఇంట్లో ఒక్కసారిగా కాదు. ఆస్పత్రిలో డాక్టరు తరచుగా డయజిపాం లాంటి మందే కొలిచి ఇచ్చి, కొన్ని వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. కల్లులో మనిషిని కట్టేసిన మందే డాక్టరు చేతిలో కట్లు విప్పుతుంది. సలహాకు 14446కు ఫోన్ చేయవచ్చు.

ఫిట్స్‌తో తీసుకెళ్తే పరువు చూసుకుని దాచకండి. రోజుకు ఎన్ని సీసాలు తాగేవాడో, చివరి సీసా ఎప్పుడు తాగాడో ముందే చెప్పండి. డాక్టరుకు సగం రోగం అక్కడే తెలుస్తుంది.