కొసయింటికి వోల్టేజి ఏల తగ్గును?

భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము, చర్ల వైపు అడవి అంచున సాగిపోవు విద్యుత్తు తీగలను శ్రోతలు చూచియే యుందురు. అట్టి తీగ కొసనున్న యింటిలో సాయంకాలము హీటరు వేయగానే బల్బు మసకబారును, ఫ్యాను నెమ్మదించును. పాల్వంచలో కొత్తగూడెము థర్మల్ విద్యుత్ కేంద్రపు తొలి యూనిట్ 1966లోనే పని ప్రారంభించినది. విద్యుత్తు పుట్టుచోటు దాపుననే యున్నను ఈ లోటు ఏల? కారణము తీగలోనే కలదు.

ప్రతి తీగయు, ప్రతి పరికరమును ప్రవాహమును కొంత అడ్డగించును. ఈ అడ్డగింపే నిరోధము. దానిని ఓములలో కొలుతురు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము ననుసరించి, వోల్టులను ఓములతో భాగించినచో ప్రవాహము ఆంపియరులలో వచ్చును.

శ్రీరామనవమినాడు భద్రాచలమున ఒక ఇరుకుసందు దాటగానే మరియొకటి వచ్చినచో, జనులు రెండు ఇరుకులను పడవలసినదే. ఇది శ్రేణి, ఇందు ఓములను కూడవలెను. రెండు సందులు ప్రక్కప్రక్కన తెరచియున్నచో రద్దీ తేలికగా సాగును. ఇది సమాంతరము, ఇందు రెండు నిరోధముల లబ్ధమును వాని మొత్తముతో భాగించవలెను. వచ్చు ఫలము రెండింటిలో చిన్నదానికన్నను తక్కువగా నుండును.

వలయము ఎంత చిక్కుగా కనబడినను ఉపాయ మొక్కటే: కొసనుండి మొదలిడి ఒక్కొక్క గుంపును ఒకే నిరోధముగా మార్చుచు సరఫరా వైపు రావలెను.

ట్రాన్స్‌ఫార్మరు వద్ద 230 వోల్టులు, పోయివచ్చు తీగల నిరోధము 3 ఓములు, ఇంటిలో 60 ఓముల ఇస్త్రీపెట్టె, 30 ఓముల హీటరు అనుకొందము. పరికరములు రెండును సమాంతరము: 1800ను 90తో భాగించగా 20 ఓములు. దీనికి తీగ శ్రేణిలో నున్నది: మొత్తము 23. ప్రవాహము 10 ఆంపియరులు. తీగలోనే 30 వోల్టులు పోగా ఇంటికి 200 మిగులును. ఇస్త్రీపెట్టె ఒక్కటే యున్నపుడు మొత్తము 63 ఓములు, ప్రవాహము సుమారు 3.65 ఆంపియరులు, ఇంటికి 219 వోల్టులు. హీటరు వేయుటతో 19 వోల్టులు పడిపోయినవి!

అంతేకాదు. తీగలో 40 వాట్లుగా నున్న వేడి 300 వాట్లకు పెరిగినది. పరికరములు చేరినకొలది మొత్తము నిరోధము తగ్గి ప్రవాహము హెచ్చుటయే ఇందుకు కారణము. ఫ్యూజు మాటిమాటికి కాలుచున్నదని అందులో లావు తీగ చుట్టినచో, కాలునది ఇంటి తీగయే.

రెట్టింపు అడ్డుకోత వైశాల్యము గల తీగ వేసినచో దాని నిరోధము 3 నుండి 1.5 ఓములకు దిగి, ఇంటికి సుమారు 214 వోల్టులు అందును. ట్రాన్స్‌ఫార్మరును దగ్గరకు తెచ్చినను ఇట్టి మేలే కలుగును. అయితే ఫిర్యాదు చేయువారు ఒకటి మరువరాదు: వాడకము లేని మధ్యాహ్నవేళ కొలిచినచో కొసయింటిలోను 230 వోల్టులే కనబడును. సాయంకాలము, పరికరములు పనిచేయుచుండగా కొలువుడని కోరవలెను.