దేవదూత వేలు ఏమైంది?

ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. చేతులు వేయడం రాని పిల్లలు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. బొమ్మలో మనిషి చేతుల్ని వీపు వెనక్కి తోసేస్తారు. "చెయ్యేదిరా?" అంటే "వెనకాల ఉంది సార్" అంటారు.

లండన్ నేషనల్ గ్యాలరీలో లియొనార్డో డావిన్చి బొమ్మ ముందు నిలబడితే నాకు అదే ప్రశ్న నోటిదాకా వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు పారిస్‌లో, లూవ్ర్ మ్యూజియంలో ఇదే బొమ్మ చూశాను. అందులో ఆ చెయ్యి ఉంది.

బొమ్మ పేరు 'వర్జిన్ ఆఫ్ ది రాక్స్'. చీకటి రాతిగుహ, నడుమ మరియమ్మ. మనకు ఎడమ పక్కన ఆమె చేతి పట్టులో పసివాడు యోహాను, పెద్దయ్యాక బాప్తిస్మమిచ్చినవాడు. కుడి పక్కన బాల యేసు, ఆయన వెనకాల దేవదూత.

పారిస్ బొమ్మలో కుడివైపు ఒకదాని కింద ఒకటి మూడు చేతులు కనిపిస్తాయి. పైన, బాల యేసు తల మీదికి చాచిన మరియమ్మ అరచెయ్యి. అడుగున, ఆశీర్వదిస్తున్న ఆ బిడ్డ చెయ్యి. నడుమ, యోహానును చూపిస్తున్న దేవదూత చూపుడువేలు. పైగా దూత మనవంకే చూస్తుంటాడు, "అటు చూడు" అన్నట్టు. లండన్ బొమ్మలో ఆ నడిమి చెయ్యి లేదు, అక్కడ చీకటే. దూత చూపు కూడా మన మీద లేదు.

అసలు రెండు బొమ్మలెందుకు? డబ్బు పేచీ. 1483 ఏప్రిల్ 25న మిలాన్‌లో ఒక భక్తసమాజం తమ ప్రార్థనామందిరం కోసం లియొనార్డోతోనూ, డి ప్రెడిస్ అన్నదమ్ములతోనూ ఒప్పందం రాయించుకుంది. ధర 800 లీరాలు, గడువు డిసెంబరు 8 పండుగ. ఇచ్చిన డబ్బు ఖర్చులకే సరిపోయిందనీ, మరియమ్మ బొమ్మకు 100 డ్యూకట్లు రావాలనీ చిత్రకారులు అడిగారు. సమాజం 25 ఇస్తానంది. తగవు 1506 దాకా తెగలేదు. రెండేళ్లలో పని ముగించాలి, మరో 200 లీరాలు ఇవ్వాలి, ఇదీ తీర్పు.

ఈ లోపల మొదటి బొమ్మ వేరే చేతుల్లోకి పోయిందనీ, మందిరానికి రెండోది వేశారనీ చాలామంది చరిత్రకారుల మాట. మొదటిది 1625 నాటికే ఫ్రాన్స్ రాజుల దగ్గరుంది. రెండోదాన్ని 1785లో గావిన్ హామిల్టన్ అనే ఆయన కొని ఇంగ్లండ్‌కు చేర్చాడు. 1880లో అది నేషనల్ గ్యాలరీకి వచ్చింది.

అయితే, వేసిందే మళ్లీ వేయాలంటే విసుగొచ్చి లియొనార్డో ఒక చెయ్యి ఎగ్గొట్టాడా? నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ 2005లో ఇన్‌ఫ్రారెడ్‌తో చూస్తే లండన్ బొమ్మ రంగుల కింద వేరే గీతలు బయటపడ్డాయి. అందులో మరియమ్మ మోకరించి, ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకుని, రెండోది చాచి ఉంది. అంటే ఆయన కొత్త బొమ్మే మొదలుపెట్టి, మనసు మార్చుకుని పాత కూర్పుకు తిరిగొచ్చాడన్నమాట. అంత ఆలోచించినవాడు వేలు మరిచిపోతాడా?

పారిస్‌లో నేను తల్లి పక్కనున్న బిడ్డనే యేసు అనుకున్నాను. దూత వేలు కూడా అటే చూపిస్తుంటే ఇంకేం అనుకుంటాం? లండన్‌లో యోహాను భుజాన సిలువ ఉంది కాబట్టి ఆ తికమక లేదు. ఆ సిలువా, తలల చుట్టూ బంగారు వలయాలూ తర్వాత ఎవరో చేర్చినవని అంటారు.

రెండు బొమ్మల పోస్టుకార్డులూ ఇప్పుడు నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. పారిస్ కార్డులో ఆ వేలి మీద నా బొటనవేలు ఆనించి చూస్తాను. మరియమ్మ అరచేతి నుంచి కన్ను తిన్నగా కిందికి, బిడ్డ నెత్తి మీదికి దిగుతుంది. బొటనవేలు తీస్తే, బిడ్డను చేరకముందే చూపు యోహాను వైపు పరుగెడుతుంది. చెయ్యేదిరా అని అడగాల్సిన బొమ్మ కాదిది.