తెర మీద అక్షరం: కంటికి ఏది హాయి?

మిట్టమధ్యాహ్నం డాబా మీద నిలబడి టాబ్లెట్‌లో పుస్తకం చదవడానికి ప్రయత్నించి చూడండి. అక్షరాలకు బదులు మీ ముఖమే కనిపిస్తుంది. అదే టాబ్లెట్‌ను రాత్రి దీపం ఆర్పేసి తెరిస్తే కళ్ళు జిగేలుమంటాయి. ఇ-రీడర్ అనే పలక సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ఎండలో అచ్చు వేసిన కాగితంలా స్పష్టంగా ఉంటుంది. చీకట్లో, దానికి సొంత దీపం లేకపోతే, ఏమీ కనిపించదు.

"టాబ్లెట్ కళ్ళు పాడుచేస్తుంది, ఇ-రీడర్ అయితే పరవాలేదు" అనే మాట చదువుకునే పిల్లలున్న ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. ఇందులో నిజమెంత? డబ్బు పెట్టి ఏదో ఒకటి కొనబోయే ముందు ఈ రెండు తెరలూ ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడం మంచిది.

టాబ్లెట్లలో చాలా వాటికి ద్రవస్ఫటికాల తెర ఉంటుంది. వెనుక ఎల్.ఇ.డి. దీపాలు వెలుగుతుంటాయి. ముందున్న ద్రవస్ఫటికాల పొర ఒక్కొక్క చుక్క దగ్గర ఆ కాంతిని ఎంత వదలాలో అంతే వదులుతుంది, కిటికీ రెక్కను కావలసినంత ఓరగా తెరిచినట్లు. ఓలెడ్ రకంలో వెనుక దీపం ఉండదు, ప్రతి చుక్కా తానే ఒక చిన్న దీపం. ఏ రకమైనా అక్షరం చుట్టూ కనిపించే తెల్లదనం తెర నుంచే పుట్టిన వెలుగు.

గుళికల్లో సిరా

ఇ-రీడర్‌లోని ఇ-ఇంక్ తెర కథ వేరు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జోసెఫ్ జేకబ్సన్ అనే శాస్త్రవేత్త ఒక ఆలోచన మీద పనిచేశారు: ఒకే కాగితం, కానీ దాని మీది అచ్చు మనం కోరినప్పుడల్లా మారాలి. ఆ పనిలో ఆయనతో చేరిన జె.డి. ఆల్బర్ట్, బారెట్ కామిస్కీ అప్పటికి ఇంకా డిగ్రీ చదువుతున్న విద్యార్థులే! 1997లో ఇ-ఇంక్ సంస్థ ఏర్పడింది. 1998లో వారి పరిశోధన 'నేచర్' పత్రికలో వెలువడింది. ఈ తెరతో సోనీ 2004లో లిబ్రియే అనే ఇ-రీడర్‌ను జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. 2007లో అమెజాన్ వారి కిండిల్ వచ్చింది.

ఈ తెరలో మన తల వెంట్రుక మందం ఉండే సూక్ష్మ గుళికలు లక్షల సంఖ్యలో పరచి ఉంటాయి. ప్రతి గుళికలోనూ నూనె వంటి పారదర్శక ద్రవం, అందులో తేలే తెల్లని, నల్లని రేణువులు ఉంటాయి. తెల్లరేణువులు టైటానియం డయాక్సైడ్‌వి, గోడలకు వేసే తెల్లరంగులో ఉండేది కూడా అదే పదార్థం. తెల్లవాటికి ఒక రకం విద్యుదావేశం, నల్లవాటికి దానికి వ్యతిరేకమైన ఆవేశం ఇస్తారు. గుళిక కింద విద్యుత్ క్షేత్రం దిశ మార్చితే ఒక రంగు పైకి, మరొకటి కిందికి పోతుంది. తెల్లవి పైకి తేలిన చోట తెలుపు, నల్లవి తేలిన చోట అక్షరం!

ఒకసారి పైకి చేరిన రేణువులు విద్యుత్తు ఆపేసినా అక్కడే ఉండిపోతాయి. కనుక కరెంటు పేజీ మారేటప్పుడే ఖర్చవుతుంది. ఒకసారి ఛార్జి చేస్తే ఇ-రీడర్ వారాల తరబడి పనిచేయడానికి ముఖ్యకారణం ఇదే. అయితే రేణువులు ద్రవంలో ఈదుకుంటూ రావాలి, దానికి సెకనులో కొంత భాగం పడుతుంది. ద్రవస్ఫటికాల తెర మామూలుగా సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చగలదు. ఇ-రీడర్‌లో సినిమా చూడాలనుకునేవారు ఆశ వదులుకోవలసిందే.

కాస్త లెక్క వేద్దాం

ఒక వస్తువు మీద పడే వెలుతురును లక్స్‌లలోను, దాని నుంచి మన కంటివైపు వచ్చే వెలుగును నిట్‌లలోను కొలుస్తారు. మెరుపు లేని కాగితం మీద పడే లక్స్‌లను, ఆ కాగితం తిప్పి పంపే భాగంతో గుణించి, 3.14తో భాగిస్తే నిట్‌లు వస్తాయి.

నడినెత్తి ఎండ సుమారు 1,00,000 లక్స్. ఇ-ఇంక్ తెల్లదనం పడిన కాంతిలో దాదాపు 40 శాతాన్ని తిప్పి పంపుతుంది. అంటే 1,00,000 × 0.4 ÷ 3.14, సుమారు 12,700 నిట్‌లు. మామూలు టాబ్లెట్ ఎంత పెంచినా 500 నిట్‌ల ప్రాంతంలో ఆగిపోతుంది. పైగా దాని గాజు మీద ఆకాశమంతా ప్రతిబింబిస్తుంది. ఎండలో పోటీ అక్కడే ముగిసింది.

ఇప్పుడు రాత్రి గదిలోకి వద్దాం. బల్ల మీద 150 లక్స్ వెలుతురు ఉందనుకోండి. మంచి తెల్లకాగితం 80 శాతం కాంతిని తిప్పి పంపుతుంది కాబట్టి దాని నుంచి 38 నిట్‌లు వస్తాయి. ఇ-ఇంక్ తెర నుంచి 19 మాత్రమే, అందుకే దీపం లేని ఇ-రీడర్ రాత్రిపూట బూడిదరంగుగా కనిపిస్తుంది. మరి టాబ్లెట్‌ను పగటి 500 దగ్గరే వదిలేస్తే? కాగితం కంటే 13 రెట్లు వెలుగు! చుట్టూ మసక, మధ్యలో మంట. కంటికి ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది.

కాగితానికి, ఇ-ఇంక్‌కు ఉన్న సుగుణం ఇదే: గది వెలుగుతో పాటు అవి తామంతట తామే పెరిగి తగ్గుతాయి. టాబ్లెట్‌కు ఆ పని మనమో, దానిలోని వెలుతురు కొలిచే పరికరమో చేసిపెట్టాలి. అంతేగాని పరావర్తనమైన కాంతి మంచిది, తెర నుంచి పుట్టిన కాంతి చెడ్డది అనడానికి ఆధారం లేదు. కంటిలోకి చేరిన కాంతికి తాను ఎక్కడి నుంచి వచ్చానో గుర్తుండదు కదా! 2012 తరువాత వచ్చిన చాలా ఇ-రీడర్లకు అంచుల్లో ఎల్.ఇ.డి. దీపాలున్నాయి. వాటిని అవసరానికి మించి పెంచితే అవీ కళ్ళు చెదరగొడతాయి.

ప్రయోగాలు ఏమంటున్నాయి? 2012లో స్విట్జర్లాండ్ పరిశోధకులు రెండు రకాల తెరలపై చదివించి చూస్తే కంటి అలసటలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2013లో 'ప్లాస్ వన్' పత్రికలో వచ్చిన మరొక పరిశోధనలో ద్రవస్ఫటికాల తెర మీద చదివినవారు రెప్పలు తక్కువసార్లు ఆర్పారు, ఎక్కువ అలసిపోయారు. ఇవి రెండూ కొద్దిమందిపై జరిగిన ప్రయోగాలు, వీటితో తీర్పు చెప్పేయలేం. రెప్ప సంగతి మాత్రం గుర్తుంచుకోదగినది. ఏకాగ్రతతో చదివేటప్పుడు రెప్పలు ఆర్పడం తగ్గి, కంటి మీది తడిపొర ఆరిపోతుంది. కళ్ళు మండడానికి ఇదొక ముఖ్యకారణం. 20 నిమిషాలకు ఒకసారి తలెత్తి 6 మీటర్ల అవతలి వస్తువును 20 సెకన్లు చూడమని కంటివైద్యులు చెప్పేది, దగ్గరి చూపుకోసం బిగిసిన కంటి కండరానికి విశ్రాంతినివ్వడానికి.

నీలికాంతిని ఆపే కళ్ళద్దాల ప్రకటనలు మీరు చూసే ఉంటారు. 2023లో కోక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను సమీక్షించి, తెర చూడడం వల్ల వచ్చే అలసటను ఈ అద్దాలు తగ్గించకపోవచ్చని తేల్చింది. నిద్ర విషయం వేరు. బోస్టన్‌లో 12 మందితో చేసిన ప్రయోగం 2015లో ప్రచురితమైంది. మసక గదిలో, పూర్తి వెలుగుతో ఉన్న ఐప్యాడ్ మీద పడుకునే ముందు 4 గంటలు చదివినవారికి, అచ్చు పుస్తకం చదివిన రాత్రులకంటే సుమారు 10 నిమిషాలు ఆలస్యంగా నిద్రపట్టింది. "మసక గది, పూర్తి వెలుగు" అన్న మాటలు గమనించండి, మన లెక్కలో చూసిన పరిస్థితే అది!

ఇంకొక చిక్కు తెలుగు చదువరులది. మన పాత పుస్తకాలు, పాఠ్యపుస్తకాలు ఎక్కువగా పేజీకి పేజీ ఫొటో తీసిన పి.డి.ఎఫ్. రూపంలో దొరుకుతాయి. వీటిలో అక్షరాన్ని మాత్రమే పెంచడం కుదరదు. 21 సెంటీమీటర్ల వెడల్పున్న ఎ4 పేజీని 9 సెంటీమీటర్ల వెడల్పుండే 6 అంగుళాల ఇ-రీడర్‌లో పెడితే, 12 పాయింట్ల అక్షరం 5 పాయింట్లకు కుదించుకుపోతుంది. ఇంగ్లీషు అక్షరమైతే ఎలాగో నెట్టుకురావచ్చు, మన వత్తులూ కొమ్ములూ మాత్రం చుక్కల్లా కలిసిపోతాయి. 16 సెంటీమీటర్ల వెడల్పున్న టాబ్లెట్‌లో అదే అక్షరం 9 పాయింట్లుంటుంది, రంగుల పటాలూ దక్కుతాయి. నన్నడిగితే, పాఠ్యపుస్తకాలకు వెలుగు సరిచేసిన పెద్ద టాబ్లెట్, అక్షరం పెంచుకోగల నవలలకూ కథలకూ ఇ-రీడర్ అంటాను.

ఇంట్లో టాబ్లెట్ ఉంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. రాత్రి చదువుకునే బల్ల మీద దాని పక్కనే ఒక తెల్లకాగితం పెట్టండి. తెరపై ఖాళీ తెల్లపేజీ తెరిచి, వెలుగు తనంతట తాను మారే ఏర్పాటును ఆపేయండి. కాగితం, తెర ఒకదాన్ని మించి ఒకటి మెరవకుండా సమానంగా కనిపించేదాకా వెలుగు తగ్గించండి. మీటను ఎక్కడ ఆపారో రాసుకుని, మర్నాడు మధ్యాహ్నం కిటికీ పక్కన ఇదే పని మళ్ళీ చేయండి. రెండు గుర్తుల మధ్య దూరం ఎంత వచ్చింది?